వెండితెర వీరులు – ధర్మసంకటము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)

  

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను పట్టభద్రుడను కాను. లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. పగలు చిట్టా, ఆవర్జాలు. రాత్రి దీపము క్రింద భారతము, భాగవతము. గురువు లేక నేర్చిన చదువు గనుక తప్పులుండక మానవు. పండితులు మన్నింతురుగాక! మన ఊరివారు ఎట్లును మన్నింతురు. వారు నన్ను చిన్ననాటినుండి ఎరుగుదురు.

నేను భారతమును గూర్చి మాటాడుదునని మీరు తలచియుందురు. నేటి విషయము వేరు. ఈ వేసవిలో మూడు ఆదివారములు మన గ్రంథాలయపు తూర్పు గోడకు తెల్లని దుప్పటి కట్టి మూడు ఆంగ్ల చలనచిత్రములు చూపించితిమి. భాష తెలియనివారికి కథను ముందుగా చెప్పు పని నాపై పడినది. అందుకై ఒక్కొక్క చిత్రమును నాలుగేసి మారులు చూచితిని. మొదటి చిత్రము ముగిసి, చాపలు చుట్టుచుండగా, ఒక అవ్వ నా దగ్గరకు వచ్చి యిట్లడిగినది: “అయ్యా, బండెక్కి ఊరు దాటిపోయినోడు మళ్ళీ వెనక్కి ఎందుకొచ్చినాడయ్యా?”

ఆ రాత్రి నేను ఏదో చెప్పి తప్పించుకొంటిని. ఇంటికి పోయినపిదప నిదుర పట్టలేదు. ఈ ఉపన్యాసము ఆ అవ్వకు నేను పడిన బాకీ.

ఆ చిత్రము పేరు ‘హై నూన్’. అనగా మిట్టమధ్యాహ్నము. 1952లో వెలువడినది. దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమన్. అమెరికాలో పడమటి ప్రాంతములందు క్రొత్తగా ఊళ్లు వెలయుచున్న కాలపు కథలను ‘వెస్టర్న్’ చిత్రములందురు. గుఱ్ఱములు, తుపాకులు, దోపిడిగాండ్రు, వారిని పట్టుకొను అధికారులు వీనియందు తరచుగా కానవత్తురు. ఆ అధికారికి మార్షలని పేరు. చొక్కాపై తగిలించుకొను తగరపు నక్షత్రము ఆతని అధికారచిహ్నము.

హేడ్లీవిల్ అను చిన్న ఊరిలో విల్ కేన్ అను మార్షలు కలడు. ఆ వేషమును గేరీ కూపర్ ధరించెను. అప్పుడే కేనునకు పెండ్లియైనది. నక్షత్రము తీసి పెట్టి, భార్యతో వేరొక ఊరికి పోయి అంగడి పెట్టుకొనవలెనని ఆతని సంకల్పము. అంతలో ఒక వార్త వచ్చినది. తాను పట్టి శిక్ష వేయించిన ఫ్రాంక్ మిల్లరు విడుదలై పండ్రెండు గంటల రైలులో వచ్చుచున్నాడు. వాని అనుచరులు ముగ్గురు స్టేషనులో కాచియున్నారు. క్రొత్త మార్షలు మరునాటికిగాని రాడు. ఊరి పెద్దలే కేనును తొందరపెట్టి, బండి యెక్కించి పంపివేసిరి. ఆతడు కొంతదూరము పోయి, బండి ఆపి, వెనుకకు మరలించెను. అవ్వ అడిగినది ఈ మలుపును గూర్చియే.

తరువాతి కథ అంతయు ఒక మనిషి ఇల్లిల్లు తిరిగి సహాయమడుగుట. మిల్లరునకు శిక్ష వేసిన న్యాయాధిపతియే కచేరిగోడపై జెండా విప్పి, త్రాసు, పుస్తకములు సంచిలో వేసికొని గుఱ్ఱమెక్కి పోయెను. సహాయాధికారి తనకు మార్షలు పదవి ఇప్పించలేదని అలిగి నక్షత్రము విసరి పోయెను. ఒక స్నేహితుడు లోపలి గదిలో దాగి, ఇంట లేడని భార్యచే చెప్పించెను. పూర్వపు మార్షలు, కేనునకు గురుతుల్యుడు, చేతుల కీళ్లనొప్పి చూపి, ఈ ప్రజలకొరకు చచ్చుట వ్యర్థమనెను. ముందు వత్తునన్న మనిషి, తక్కినవారెవరును రాలేదని తెలిసి, పెండ్లము బిడ్డలున్నారని వెనుదీసెను. చివర వరకు వత్తుమన్నవారు ఇద్దరే: పదునాలుగేండ్ల పిల్లవాడొకడు, ఒంటికంటి త్రాగుబోతొకడు. వారిని కేనే పంపివేసెను.

చర్చిలోని సభ మరువరానిది. కొందరు పౌరుషముగా లేచిరి. కొందరు ఇది పోలీసుల పని యనిరి. చివరకు ఊరి పెద్ద యొకడు లేచి కేనును మిక్కిలి పొగడెను. అంతటి మార్షలు మరి రాడనెను. పిమ్మట, ఊరిలో తుపాకులు ప్రేలిన ఉత్తరాది ధనికులు పెట్టుబడి పెట్టరు గనుక, కేను ఊరు విడచి పోవుటయే అందరికి క్షేమమని ముగించెను. పూలదండ వేసి గెంటివేయుట యన్నచో ఇదియే.

ఈ చిత్రము నిడివి సుమారు 85 నిమిషములు. కథలో గడచు కాలమును దాదాపు అంతియే. గోడగడియారము మాటిమాటికి కనబడును. నేను రెండవమారు చూచునప్పుడు ఒక లెక్క వేసితిని. ఊరిలోనికి వచ్చిన దుర్మార్గులు నలుగురు. మంచివారు ఊరంతయు. తలుపు తీయని ప్రతివానికి ఒక కారణము కలదు. ఆ కారణము కొంతవరకు నిజము. కీళ్లనొప్పి నిజమే. పెండ్లము బిడ్డలు నిజమే. ఊరి వ్యాపారము నిజమే. పెద్ద అబద్ధము ఒక్కటియు అక్కరలేకుండ, చిన్న నిజములతోనే ఒక ఊరు ఒక మనిషిని మృత్యువునకు అప్పగింపగలదు.

కేను భయమెరుగనివాడా? కాడు. గుఱ్ఱపుశాలలో సహాయాధికారి పారిపొమ్మని జీను వేయబోగా ఆతని మనస్సు ఊగిసలాడినది. ఒంటరిగా బల్లపై తలవాల్చిన క్షణమును మనము చూచితిమి. విరాటపర్వమున ఉత్తరుడు అంతఃపురమున స్త్రీల యెదుట కౌరవసేనను గడ్డిపోచగా పలికి, తీరా సేనను చూచినంతనే రథము దిగి పరుగెత్తెను. తిక్కనగారు ఆ ఘట్టమును మనము నవ్వునట్లు వ్రాసిరి. కాని ఆ నవ్వులో మన ముఖము మనకే కనబడును. భయపడుట దోషము కాదు. భయమునకు మన పగ్గములిచ్చుట దోషము. బృహన్నల పట్టి తెచ్చినపిదప ఉత్తరుడు అర్జునునకు సారథ్యము చేయలేదా? భయపడినవాడును పనికివచ్చును. తలుపు మూసికొన్నవాడే పనికిరాడు.

ఈ చిత్రము నచ్చనివారును గలరు. జాన్ వేన్ అను ప్రసిద్ధ నటుడు, హోవర్డ్ హాక్స్ అను దర్శకుడు దీనిని నిరసించిరి. మార్షలైనవాడు కోడిపిల్లవలె పరుగులెత్తి సామాన్యులను సహాయమడుగుట తగదని హాక్స్ అభిప్రాయము. దీనికి ప్రత్యుత్తరముగా వారిద్దరు 1959లో ‘రియో బ్రావో’ అను చిత్రము తీసిరి. అది వినోదకరమైన చిత్రమే. కాని వారి వాదము నాకు రుచింపలేదు. శ్రీరామచంద్రుడు సుగ్రీవుని సహాయము కోరలేదా? వానరులతో, ఎలుగులతో కలిసి వారధి కట్టించుట పిరికితనమా? ధర్మకార్యమున సహాయమడుగుట అడుగువానికి చిన్నతనము కాదు; లేదనినవానికి చిన్నతనము.

కేను భార్య ఏమీ విషయము మరింత చిక్కైనది. ఆమె క్వేకరు మతస్థురాలు. హింస కూడదని ఆ మతము. ఆమె తండ్రియు, సోదరుడును తుపాకిగుండ్లకు బలియైరి. భర్తను విడచి రైలెక్క సిద్ధపడిన ఆమె, తుపాకి మ్రోత విని దిగి పరుగెత్తుకొని వచ్చి, కిటికీలోనుండి ఒక దుర్మార్గుని వెనుకనుండి కాల్చెను. మగని ప్రాణము దక్కినది; తన నియమము పోయినది. ఇది ధర్మమా అని అడిగిన నాకు వెంటనే ఉత్తరము తోచదు. ఆ వేళ ఆమె ఏ దారి పట్టినను ఏదో యొకటి పోగొట్టుకొనక తప్పదు. ధర్మసంకటమని మన పెద్దలు చెప్పినది దీనినే.

చివరకు మిల్లరు చచ్చెను. దాగినవారందరు వీధిలోనికి వచ్చిరి. కేను ఒక్క మాటయైనను ఆడక, నక్షత్రమును తీసి దుమ్ములో పారవైచి, భార్యతో బండి యెక్కి పోయెను. ఊరు దక్కినది. ఊరికి కేను దక్కలేదు.

ఈ కథ వ్రాసిన కార్ల్ ఫోర్మన్ అనుభవమును ఇచట చెప్పవలెను. 1951లో, చిత్రము తయారగుచుండగనే, అమెరికా శాసనసభవారి విచారణసంఘము ఆయనను పిలిచెను. పూర్వము కమ్యూనిస్టు పార్టీలో నీతోకూడ ఉన్నవారి పేర్లు చెప్పుమని ఆ సంఘము అడుగుచుండెడిది. చెప్పినవారికి ఉద్యోగములు నిలిచినవి. చెప్పనివారు చిత్రపరిశ్రమలో నల్లజాబితాకెక్కిరి. ఫోర్మన్ పేర్లు చెప్పలేదు. స్నేహితులు దూరమైరి. ఆయన ఇంగ్లండునకు వలసపోయెను. తలుపులు మూసికొనుచున్న ఊరిని వ్రాయునపుడు ఆయన చుట్టును అట్టి తలుపులే మూసికొనుచుండెను.

అట్లు దేశము విడచిపోయిన ఫోర్మన్, తనవలెనే నల్లజాబితాకెక్కిన మైకేల్ విల్సన్ అను రచయితయు వ్రాసిన కథనమే మనము రెండవ ఆదివారము చూచిన యుద్ధచిత్రము, ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’. పియేర్ బూల్ అను ఫ్రెంచి రచయిత నవల దీనికి మూలము. 1957లో డేవిడ్ లీన్ దర్శకత్వమున, నాటి సింహళమున చిత్రీకరింపబడినది. దానికి ఏడు ఆస్కారు బహుమానములు వచ్చినవి. కథనమునకు వచ్చిన బహుమానము బూల్ పేర ఇయ్యబడినది. వ్రాసిన ఇద్దరి పేర్లు తెరపై లేవు. 1984లోగాని, వారిరువురును గతించిన పిదపగాని, ఆ గౌరవము వారిదని అకాడమీవారు అంగీకరింపలేదు. పేర్లు చెప్పని ఫోర్మన్ తన పేరునే తెరపై పోగొట్టుకొనెను. ధైర్యమునకు బహుమానము వెంటనే వచ్చునని ఎవరును మోసపోరాదు.

ఆ చిత్రమున కర్నల్ నికల్సన్ అను ఆంగ్ల సేనాని జపానువారికి బందీ. ఆ వేషము ఆలెక్ గిన్నెస్ వేసెను. బందీలచే వంతెన కట్టించు జపాను అధికారి సైటో, సేనాధికారులును కూలిపని చేయవలెననెను. అది జెనీవా ఒప్పందమునకు విరుద్ధమని నికల్సన్ నిరాకరించెను. ఎండలో కాగు రేకుపెట్టెలో ఆతనిని బంధించిరి. కాళ్లు తడబడుచు బయటికి వచ్చినను ఆతడు లొంగలేదు. చివరకు సైటోయే లొంగెను. ఆ ఘట్టమున మన ఊరి కుఱ్ఱవాండ్రు చప్పట్లు కొట్టిరి. నేనును కొట్టితిని.

తరువాత ఏమైనది? గెలిచిన నికల్సన్ వంతెనను తన చేతిలోనికి తీసికొనెను. సైనికులకు క్రమశిక్షణ కావలెను, పని చక్కగా చేయవలెను, బ్రిటిషువారి నేర్పు చూపవలెను అనెను. జపానువారికంటె మేలైన ప్రణాళిక వేసెను. శత్రువునకు మేలుచేయు పని కాదా యని వైద్యాధికారి హెచ్చరించినను చెవినిడలేదు. గడువు దాటకుండుటకై, ఏ అధికారుల గౌరవమునకై ప్రాణములొడ్డెనో, ఆ అధికారులనే కూలిపనికి దింపెను. ఆస్పత్రిలోని రోగులను సైతము లేపి తెచ్చెను. చివరకు తన పక్షమువారే వంతెన కూల్ప వచ్చినప్పుడు మందుగుండు తీగను కనిపెట్టి సైటోకు చూపించెను. తాను చేసినదేమో తెలిసిన క్షణము, ఆతనికి చావు వచ్చిన క్షణము ఒక్కటే.

నికల్సన్ పిరికివాడు కాడు. ఓర్పున ఆతని మించినవారు అరుదు. మరి లోపమెక్కడ? ఆతడు పనిని చూచెను. పని ఎవరికొరకో చూడలేదు. నా వృత్తిలో ఇట్టిది కలదు. అంకెలు అందముగా వ్రాయవచ్చును, కూడిక పైసాకు తప్పకపోవచ్చును, కాని ఆ పుస్తకము దొంగ పుస్తకమైనచో ఆ అందమునకు విలువ ఏమి? భీష్మాచార్యుల వంటి నియమవంతుడు లేడు. కాని కౌరవసభలో ద్రౌపదిని ఈడ్చుకొని వచ్చినప్పుడు ఆయన ధర్మము సూక్ష్మమని పలికి ఊరకుండెను. నియమము నిలిచినది. సభ పాడైనది.

చిత్రమునకు వెనుకనున్న నిజమును గూడ చెప్పవలెను. థాయిలాండునుండి బర్మాకు సుమారు 415 కిలోమీటర్ల రైలుదారిని జపానువారు 1942–43లలో వేయించిరి. అందు పన్నెండు వేలకు మించి మిత్రరాజ్యముల బందీలు మరణించిరి. మలయా తోటలనుండియు, బర్మా, జావా మొదలగు చోట్లనుండియు తెచ్చిన ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు మరణించిరి. సుమారు 90,000 అని అంచనా. వారిలో మలయా రబ్బరుతోటల దక్షిణ భారతీయులు, ముఖ్యముగా తమిళులు, అనేకులు గలరు. చిత్రమున వీరి కథ లేదు. వంతెనవద్ద బందీలకు నిజముగా నాయకుడైన లెఫ్టినెంట్ కర్నల్ ఫిలిప్ టూసీ, నికల్సన్ వంటివాడు కాడు. తనవారికి తిండి, మందు, విశ్రాంతి దక్కుటకై దెబ్బలు తినుచు వాదించెను. చెదపురుగులు పట్టించి కొయ్యవంతెనను బలహీనపరుప జూచిరని చెప్పుదురు. అందుకే ఆయనక్రింద పనిచేసినవారికి ఆ చిత్రము కష్టము కలిగించినది. కథయందలి కర్నల్ వంతెనను కాపాడెను; నిజమైన కర్నల్ మనుష్యులను కాపాడెను. రెండును ధైర్యమే యనిపించుకొనవచ్చును గాని, లెక్క సరిచూచినప్పుడు రెండును ఒకటి కావు.

మూడవ ఆదివారపు చిత్రము హత్యానేరమునకు సంబంధించినది. పేరు ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’, పన్నిద్దరు కోపిష్ఠులు. 1957లో వెలువడినది, దర్శకుడు సిడ్నీ లూమెట్. కథ రెజినాల్డ్ రోజ్ వ్రాసెను. తాను న్యూయార్కులో జ్యూరీ సభ్యుడుగా కూర్చున్న అనుభవము ఆయనకు ప్రేరణ. మన దేశమున కూడ పూర్వము నేరవిచారణలందు జ్యూరీలు ఉండెడివి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడుతో ఆ పద్ధతి పోయినది.

ఈ చిత్రమున తుపాకి లేదు, గుఱ్ఱము లేదు, కొద్ది నిమిషములు తప్ప కథయంతయు ఒకే గదిలో జరుగును. తండ్రిని కత్తితో పొడిచెనని పదునెనిమిదేండ్ల కుఱ్ఱవానిపై నేరము. పన్నిద్దరును ఏకాభిప్రాయముతో దోషి యనినచో వానికి మరణశిక్ష. ఎండ మండుచున్నది, పంకా తిరుగుట లేదు, ఒకనికి బంతియాట చూడ పోవలెనని తొందర. ఓట్లు తీసినప్పుడు పదునొకండుగురు దోషి యనిరి. ఎనిమిదవ సభ్యుడొక్కడు కాదనెను. ఆ వేషము హెన్రీ ఫోండా వేసెను.

ఆ మనిషి చెప్పినదేమి? కుఱ్ఱవాడు నిర్దోషి యని చెప్పలేదు. నాకు తెలియదు, ఒక ప్రాణమును అయిదు నిమిషములలో తీసివేయరాదు, కొంతసేపు మాటాడుదము అని మాత్రమే చెప్పెను. అటుపై ఒక్కొక్క సాక్ష్యము విచ్చిపోయినది. లోకమున మరియొకటి లేదన్న కత్తివంటి కత్తినే జేబునుండి తీసి బల్లపై గ్రుచ్చెను. కాలీడ్చు ముసలి సాక్షి అంత త్వరగా తలుపువద్దకు రాగలడా అని గదిలో నడచి చూపెను. ముక్కుపై కళ్లద్దముల గుర్తులున్న స్త్రీ, పడుకొన్న వేళ అద్దములు లేక వీధికవతల జరిగినదానిని ఎట్లు చూచెనని మరియొక సభ్యునకు తోచినది. చివర వరకు ఎదిరించిన మనిషికి ఆ కుఱ్ఱవానిపై పగ లేదు. తన్ను విడచిపోయిన సొంత కొడుకుపై కోపము. ఆతడు ఏడ్చి లొంగినపిదప ఎనిమిదవ సభ్యుడే ఆతని కోటు తీసి తొడిగెను. గెలిచిన మనిషి ఓడినవానికి కోటు తొడుగుట చూచి నా కన్నులు చెమర్చినవి.

మన సభాపర్వమున ఈ మనిషికి సోదరుడొకడు గలడు. కౌరవులు నూర్గురిలో వికర్ణుడొక్కడే లేచి, ద్రౌపది ప్రశ్నకు పెద్దలు ఉత్తరమీయవలెను, ఇది న్యాయము కాదు అనెను. చిన్నవాడవు, నీకేమి తెలియునని కర్ణుడు గద్దించెను. వికర్ణుడు ఆనాడు గెలువలేదు. ఎనిమిదవ సభ్యుడు గెలిచెను. గెలుపు ఓటములు సభను బట్టి యుండును. లేచి నిలుచుట మనిషిని బట్టి యుండును.

సోదరులారా! ఇంతవరకు పరదేశముల మాట చెప్పితిని. ఇక నా మాట.

ఇరువదియేండ్ల క్రిందట నేను లెక్కలు వ్రాయుచుండిన ఒకచోట ఎరువుబస్తాలు పదునొకండు తగ్గినవి. కాపలా మనిషిపై నింద పడినది. పెద్దలు కూడిరి. ఆ బస్తాలు ఎవరి బండిలో పోయినవో నేనెరుగుదును. నోటిమాటపై ఇచ్చినవి; తరువాత వ్రాయుదమని నన్నూరకుండుమనిరి. సభలో నన్నడిగిరి: “లెక్కల్లో ఎక్కడైనా ఉందా?” నేను లేచి, “లెక్కల్లో లేదండీ,” అంటిని.

అది అబద్ధము కాదు. లెక్కలలో లేదు. ధర్మరాజు అశ్వత్థామ హతుడని చెప్పినప్పుడు అందును ఒక నిజముండెను. కాని ఆ మాటతో, భూమికి నాలుగంగుళముల పైన నడచు ఆయన రథము నేలనంటినదని ద్రోణపర్వము చెప్పుచున్నది. నా రథము నాడు ఎంత లోతునకు దిగినదో నాకే తెలియును. కాపలా మనిషిని తీసివేసిరి. ఆతడు ఆలుబిడ్డలతో పట్టణమునకు పోయెను. నేను ఇంటికి పోయి, భోజనము చేసి, వికర్ణుని పద్యములు చదివితిని! చదువు ఎంతవరకు పనికివచ్చునో, ఎచ్చట పనికిరాదో నాకు ఆ రాత్రి తెలియవలసినది, తెలియలేదు.

మూడేండ్లు గడచినపిదప అదే సభలో లేచి జరిగినది చెప్పితిని. ఆ మూడేండ్లలో నా ప్రాణమునకు ముప్పు లేదు. నాకున్న భయమల్ల ఉద్యోగము, ముఖమాటము. చెప్పినపిదప ఆ రెండును కొంత నష్టపోయితిని. బస్తాల సొమ్ము జమ అయినది. కాపలా మనిషికి కబురు పంపగా ఒక దినము వచ్చెను. మా అరుగుపై కూర్చుండి మంచినీళ్లు త్రాగెను. నన్ను తిట్టలేదు. “ఆ రోజే ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది గదండీ. పిల్లోడి చదువు ఆగిపోయింది,” అని లేచి పోయెను. మరల ఊరికి రాలేదు.

అవ్వా! నీ ప్రశ్నకు ఉత్తరము ఇప్పుడు చెప్పుచున్నాను. పారిపోయినను మిల్లరు వెంటాడునని కేను భార్యతో చెప్పెను. అది ఒక కారణము. కాని నాకు తోచినది మరియొకటి. ఆతడు బండి ఆపిన చోటు ఊరికి దగ్గరలోనే యున్నది. ఇంకను దూరము పోయిన, వెనుకకు త్రిప్పుట అంతకంతకు కష్టమగును. ఒక దినము ఊరకున్నవానికి రెండవ దినము ఊరకుండుట సులభము. నేను మూడేండ్లు బండి నడిపిన పిదప త్రిప్పితిని. త్రిప్పుటకు తగిన దారి అప్పటికి సగము చెడిపోయినది. విల్ కేను అయిదు నిమిషములలో త్రిప్పెను. ఆతనికిని నాకును గల భేదము తుపాకి నేర్పులో లేదమ్మా. ఆ అయిదు నిమిషములలో ఉన్నది.

యువకులు ఈ చిత్రములను చూచి తుపాకి పట్టు తీరు నేర్చుకొందురేమోయని కొందరు పెద్దలు కార్యదర్శిగారిని హెచ్చరించిరట. వారి భయము నేను కాదనను. ఊరకే కాల్చుకొను చిత్రములు లోకమున కొల్లలు. కాని ఈ మూడింటియందును తుపాకి ప్రేలుటకు ఎంతో ముందే నిర్ణయము ముగిసినది. ఒకడు బండి త్రిప్పెను. ఒకడు ఎవరికొరకని అడుగక వంతెన కట్టెను. ఒకడు గదిలో చెయ్యెత్తెను. అట్టి బండి, అట్టి వంతెన, అట్టి గది మన ఊరిలోను గలవు. పంచాయతీ గదిలో, పాలకేంద్రమువద్ద, బడి కమిటీలో, పొలముగట్టు తగవులో ఎవరో ఒకరు అడుగుచునేయుందురు: “నీకు తెలుసా?” అని. ఆ వేళ మనలో ప్రతివాడును ఒక నిమిషము విల్ కేను. మరుక్షణము హేడ్లీవిల్ వాసి.

ఈ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములుగా మనకు పుస్తకములనిచ్చినది. చందాదారులు పెరిగిరి, బీరువాలు నిండినవి; సంతోషము. కాని నావలె చదివి, నావలె కూర్చుండిపోవువారు పెరిగినచో ఈ బీరువాల బరువు ఊరికి మోతయే. చదివిన వికర్ణుని సభలో తలచుకొనువాడొక్కడు ఈ ఊరిలో తయారైనను, ఈ గ్రంథాలయమునకు పెట్టిన ప్రతి పైసయు జమ చేరినట్లే. ఈ మాట లెక్కలు వ్రాయువాడను గనుక ధైర్యముగా చెప్పుచున్నాను.

 ఆ కాపలా మనిషి పట్టణమున ఎచ్చటనున్నను ఆతనికి ఈ సభాముఖమున మరొక్కమారు నా క్షమాపణ. సెలవు.